హెల్వి ట్యాంకులో వేడినీళ్ళు

మా ఊళ్ళో ఎవరి చలికాలం ఎలా గడవబోతోందో అందరికన్నా ముందు తెలిసేది నాకే. ఇందులో నా గొప్పేమీ లేదు, గొప్పంతా కొట్టుది. అక్టోబరు వచ్చిందంటే లోపలే వంటిల్లూ స్నానాలగదీ ఉండే క్యాంపర్ బండి ఉన్న ప్రతివాళ్ళూ, పైపుల్లో పోస్తే గడ్డకట్టని గులాబీరంగు యాంటీఫ్రీజు డబ్బాల కోసం నా గుమ్మం ఎక్కాలి. ఎక్కనివాళ్ళు బండైనా అమ్మేసి ఉంటారు, కాలమైనా చేసి ఉంటారు. సుపీరియర్ సరస్సు మీంచి చలిగాలి మొదలైందంటే పైపుల్లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, పైపుల్ని చీల్చేస్తాయి. ఆ చీలిక ఏప్రిల్ దాకా బయటపడదు. కాబట్టి నా వ్యాపారమంతా జనం భయం మీద నడుస్తుంది. భయం మంచి సరుకు. ఎన్నాళ్ళు నిలవున్నా పాడవదు.

ఆ ఏడాది అక్టోబరు సగం దాటినా హెల్వి పెల్కోలా డబ్బాలు కొనలేదు.

హెల్వి బడిలో వంటావిడగా పనిచేసి రిటైరైంది. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతి సూపు తాగి పెరిగినవాళ్ళే. భర్త ఆర్నీ పోయాక, ఇద్దరూ కలిసి కొనుక్కున్న మోటార్‌హోమ్‌ని అమ్మెయ్యమని నేనే సలహా ఇచ్చాను, అప్పట్లో మంచి ధర పలుకుతోందని. ఆవిడ వినలేదు. జూన్‌లో తనే స్టీరింగు పట్టుకుని సరస్సు ఒడ్డున క్యాంపు మైదానానికి వెళ్తుంది, బ్లూబెర్రీలు అయిపోయాక తిరిగొస్తుంది. అక్టోబరులో నాకు ఫోను చేసి, "రూడీ, నీళ్ళు తియ్యాలి" అంటుంది. అంతే, పెట్టేస్తుంది.

ఆ మాట కోసం నేను సెప్టెంబరు నుంచీ చెవులు రిక్కించి కూచుంటానని ఎవరికీ తెలీదు. నా భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. నాకున్నది కొట్టు, వెనకాల బళ్ళు నిలిపే షెడ్డు, అక్టోబరులో ఒక్క పూట హెల్వి వాకిలి.

నిజానికి ఆ పనికి పూట అక్కర్లేదు. కాస్త చెయ్యి తిరిగినవాడు కాఫీ చల్లారేలోపు ముగించెయ్యొచ్చు. నేను సాగదీసేవాణ్ణి. ముందు నీళ్ళు కాచే హీటరు ఆర్పి, ట్యాంకు చల్లారేదాకా ఆగాలి. ఆ ఆగడమే నాకు లాభం, ఎందుకంటే ఆ సేపు వంటింట్లో కూచోమనేది. తర్వాత బండి పక్కనున్న చిన్న రేకు తలుపు తీసి, పైనున్న ఆవిరి వాల్వు ఎత్తి, ఒత్తిడి పోయిందని చూసుకుని, అప్పుడు అడుగున ఉన్న ప్లగ్గు విప్పాలి. నీళ్ళు భళ్ళున వస్తాయి, వాటితోపాటు వేసవంతా పేరుకున్న తెల్లటి సున్నం రవ్వ. ఆ రవ్వ కంకర మీద పడి మంచు కురిసేదాకా అలాగే ఉంటుంది. హీటరుకి దారి మూసే పిడి తిప్పి, గులాబీ ద్రవం ట్యాంకులోకి పోయి వృథా కాకుండా చేసి, ప్రతి కుళాయిలోంచీ అది గులాబీగా వచ్చేదాకా పంపు నడపాలి. ఆఖర్న నా పద్ధతి ఒకటుంది. విప్పిన ప్లగ్గుని తిరిగి బిగించను. ఎర్ర తాడు కట్టి స్టీరింగుకి వేలాడదీస్తాను. వసంతంలో ఎవరైనా మరిచిపోయి ఖాళీ ట్యాంకు మీద హీటరు వేస్తే, లోపలి కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది. ఎదురుగా ఎర్ర తాడు వేలాడుతుంటే ఎవరూ మరిచిపోరు. ఊళ్ళో ఏ బండిలో ఎర్ర తాడు కనిపించినా అది నేను ముట్టుకున్న బండి అని అందరికీ తెలుసు.

హెల్వికి ఎప్పుడూ బిల్లు వెయ్యలేదు. యాలకుల రొట్టె కోసి పెట్టేది, కాఫీ పోసేది, తీసుకున్నాను. దాన్ని పెట్టుబడి అనుకున్నాను. పెట్టుబడి పెట్టినవాడు తొందరపడకూడదని కూడా అనుకున్నాను.

ఇక గారెట్ సంగతి.

గారెట్ వంతెన కిందివాడు. మా దగ్గర మాకినాక్ వంతెనకి దక్షిణాన పుట్టినవాళ్ళందర్నీ అలాగే అంటాం. అక్కడేదో ఫ్యాక్టరీలో రిటైరై, ఇక్కడ సరస్సు బాగుందని వచ్చి ఇల్లు కొన్నాడు. అంతటితో ఊరుకుంటే నాకేం బాధ లేదు. ఒక తెల్ల వ్యాను కొని, దానిలో గాలి కంప్రెసర్ పెట్టుకుని, ఇంటి దగ్గరికే వచ్చి క్యాంపర్ పనులు చేస్తానని తిరగడం మొదలెట్టాడు. పైపుల్లోకి గాలి కొట్టి నీళ్ళు ఊదేస్తాడు. గులాబీ డబ్బాలు అక్కర్లేదంటాడు, నా గుమ్మం ఎక్కే పని తప్పిస్తాడు. నాకన్నా ఏడాదో రెండేళ్ళో పెద్ద, కానీ తలనిండా జుట్టు. మోకాళ్ళ మీద కూచుని లేచేటప్పుడు దేన్నీ పట్టుకోడు. నవ్వితే కనిపించే పళ్ళన్నీ సొంతవే. గిరాకీల కుక్కల పేర్లు గుర్తుపెట్టుకుంటాడు. అతని ఆస్తులన్నీ నేను మనసులో రాసుకుంటూ వచ్చాను. అప్పుల వైపు రాయడానికి ఒక్కటీ దొరకలేదు.

కబురు తెచ్చింది ఓర్విల్. నాతో చదువుకున్నవాడు. కొట్టులో ఏమీ కొనడు, స్టవ్ పక్కన కుర్చీ మాత్రం వాడిదే.

"ఏరా రూడీ, హెల్వి వాకిట్లో తెల్ల వ్యాను ఉందిరా" అన్నాడు.

ఉంటే ఉండనీ అన్నాను.

"మొన్న కూడా ఉంది. కంప్రెసర్ గొట్టం కూడా చూశా. నీ అక్టోబరు రొట్టె వాడు తింటున్నట్టున్నాడు."

నేను లెక్క చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఓర్విల్ గాడు అక్కడితో ఆపితే వాడు ఓర్విల్ ఎందుకవుతాడు. ఎర్ర తాడు ఓ మూర నేనే కొంటాను, నీ మెడకి కట్టుకుని ఆవిడ స్టీరింగుకి వేలాడు, అప్పుడు నిన్నెవరూ మరిచిపోరు అన్నాడు. పొమ్మన్నాను. పోలేదు.

ఆ సాయంత్రం అవసరం లేకపోయినా హెల్వి ఇంటి మీదుగా వెళ్ళాను. వ్యాను లేదు. మోటార్‌హోమ్ గరాజు పక్కన ఎప్పటిలాగే ఉంది. బండి నెమ్మది చేసి చూస్తే, హీటరు తలుపు కింద కంకర మామూలుగా నల్లగా ఉంది. తెల్ల రవ్వ లేదు, తడి లేదు, రేకు మీద సున్నం చార లేదు.

ముప్పాతిక జీవితం ఇదే పనిలో గడిపినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది. గారెట్ పైపుల్లో గాలి కొట్టాడు, ట్యాంకు మరిచిపోయాడు. గాలి కొట్టేవాళ్ళు చేసే తప్పే ఇది. కుళాయిల్లోంచి గాలి బుసబుసా వస్తే పని అయిపోయిందనుకుంటారు. ట్యాంకు అడుగున నీళ్ళు అలాగే ఉంటాయి.

ఇంటికెళ్ళేదాకా ఈల వేసుకుంటూ నడిపాను.

మర్నాడు రేడియోలో చెప్పారు, వారం ఆఖరికి గట్టి గడ్డ కట్టబోతోందని. నేను కూచుని లెక్క వేశాను. నోరు మూసుకుని కూచుంటే ఏమవుతుంది? ట్యాంకు పగులుతుంది. ఏప్రిల్లో హెల్వి నీళ్ళు పడుతుంది, బండి కింద వాగు పారుతుంది. గారెట్ పేరు ఊళ్ళో ఎవరూ ఎత్తరు. కొత్త హీటరు నేనే అమ్ముతాను, నేనే బిగిస్తాను, ఆ పని ఒక పూటలో అయ్యేది కాదు. ఏ వైపు నుంచి కూడినా లాభమే కనిపించింది. కష్టం ఒక్కటే, ఆ లాభం చేతికి రావాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి. ఈలోగా చలికాలమంతా తెల్ల వ్యాను అక్కడికి ఎన్నిసార్లు వెళ్తుందో, ఎన్ని రొట్టెలు కోస్తారో దానికి హద్దు లేదు.

ఇంకో బేరం ఉంది. ఆవిడ ఇంట్లో లేనప్పుడు వెళ్ళి నేనే ట్యాంకు వదిలేసి, ప్లగ్గుకి ఎర్ర తాడు కట్టి బండి తలుపు పిడికి వేలాడదీసి వస్తాను. తిరిగొచ్చి చూస్తుంది. కింద తెల్ల రవ్వ, పిడికి ఎర్ర తాడు. నేను ఒక్క మాట అనక్కర్లేదు. గారెట్ చెయ్యనిది ఎవరు చేశారో తాడే చెప్తుంది. ఆవిడకి నష్టం లేదు, వాడికి మొహం చెల్లదు, లాభం అదే రోజు చేతికొస్తుంది. ఇంత మంచి బేరం ఈమధ్య కాలంలో తగల్లేదనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నాలు హెల్వి చర్చి వంటగదిలో మాంసం కూరిన పేస్టీలు చుట్టడానికి వెళ్తుంది, చందాల కోసం అమ్మేవి. బుధవారం వెళ్ళాను. గరాజు తలుపు తీసి ఉంది, లోపల కారు లేదు. ఇంట్లో అలికిడి లేదు. నా ట్రక్కు రోడ్డు మీదే ఆపి, పానా తాడూ పట్టుకుని వాకిట్లోకి నడిచాను. ఆ కంకర మీద అన్నేళ్ళు నడిచాను గానీ, నా అడుగుల చప్పుడు నాకే ఎక్కువగా వినపడ్డం అదే మొదలు.

బండి పైకప్పు మీది చిన్న గాలిగూట్లోంచి ఆవిరి వస్తోంది. ఇప్పుడు చెప్తున్నాను గానీ అప్పుడు నేను తలెత్తి చూడలేదు. రేకు తలుపు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, లోపల వెచ్చగా ఉందో చల్లగా ఉందో తెలిసిపోతుంది. కొట్టుకొచ్చిన ప్రతి గిరాకీకీ నేను చెప్పే మొదటి ముక్క అదే. చేతికి ఉన్ని తొడుగు ఉంది. తియ్యలేదు. ఆవిరి వాల్వు ఎత్తి ఒత్తిడి చూడాలి. ఎత్తలేదు. నా కళ్ళ ముందు ట్యాంకు లేదు, ఎర్ర తాడు చూసినప్పుడు గారెట్ మొహం ఎలా ఉంటుందో అదే ఉంది. ఆ మొహం చూసుకుంటూ పానా వేసి తిప్పాను.

ఆఖరి చుట్టు నేను తిప్పలేదు. ప్లగ్గే ఎగిరి వచ్చింది, వెనకాలే మరిగే నీళ్ళు చేతి మీదికి, మణికట్టు మీదికి, కోటు లోపలికి. ఉన్ని తొడుగు వేడినీళ్ళు తాగేసి చేతికి అతుక్కుపోయింది. పళ్ళతో పట్టుకుని లాగి విసిరేశాను.

బండి లోపల పంపు గురగురమంది. తర్వాత హెల్వి గొంతు వినపడింది.

"ఎవడ్రా అది?"

నేను పారిపోయేవాణ్ణే, కానీ మోకాళ్ళు సహకరించలేదు. బండి తలుపు తెరుచుకుంది. తల మీద సబ్బు నురగ, ఒంటి మీద ఆర్నీ పాత ఉన్ని కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు. నన్ను చూసింది, పానా చూసింది, నా కాళ్ళ కింద పొగలు కక్కుతూ పారుతున్న నీళ్ళు చూసింది.

"రూడీ కంగాస్, నా స్నానం నీ బూట్ల కింద పారుతోంది" అంది.

తర్వాత నా చెయ్యి చూసింది. మోచెయ్యి పట్టుకుని గరాజు గోడ దగ్గరికి లాక్కుపోయి, తోట గొట్టం విప్పి చన్నీళ్ళు వదిలింది. చెయ్యి తియ్యబోతే, తీశావంటే చంపుతానంది. బడి వంటింట్లో అన్నేళ్ళు పనిచేసిన మనిషి, కాలిన చేతులు ఆవిడకి కొత్తేమీ కాదు. చలికి నా పళ్ళు టకటకమంటున్నాయి, ఆవిడ జుట్టు మీది నురగ చెవుల పక్కనుంచి జారుతోంది. నీళ్ళ ధార మాత్రం పక్కకి కదలనివ్వలేదు.

"నేను పిలిచానా నిన్ను?"

లేదన్నాను.

"మరి?"

వారం ఆఖరికి గడ్డ కడుతుందనీ, గారెట్ ట్యాంకు మరిచిపోయాడనీ, పాపం బండి పాడవుతుందని వచ్చాననీ చెప్పాను. చెప్తుండగానే ఆ మాటలు నా చెవికే నాసిరకం సరుకులా వినపడ్డాయి.

"ట్యాంకులో నీళ్ళు ఉంచింది గారెట్ కాదు, నేను. నేను నీళ్ళు తియ్యడం లేదు ఈ ఏడు. అరిజోనా పోతున్నా, చలికాలం ఆ వెచ్చటి ఎడారిలోనే. రోడ్డెక్కే ముందు అన్నీ పనిచేస్తున్నాయో లేదో వాకిట్లోనే బండిలో ఉండి చూసుకోమని గారెట్ అంటే ఉంటున్నా" అంది.

డబ్బాలు కొనలేదు, నన్ను పిలవలేదు, కంకర మీద రవ్వ లేదు. ఊళ్ళో ఇంకెవరి విషయంలోనైనా ఈ మూడూ కలిపి ఒక్క చూపులో చెప్పేసేవాణ్ణి, ఈవిడ దక్షిణానికి పోతోందని. కంప్రెసర్ గొట్టం టైర్లకి గాలి కొట్టడానికట. కారు ఇంట్లో లేనిది, మోటార్‌హోమ్ వెనక తగిలించి లాక్కెళ్ళడానికి దానికి కొక్కెం బిగించడానికి గారెట్ తీసుకెళ్ళాడట. చర్చి పేస్టీల పని ఆవిడ మానేసిందట, ప్రయాణానికి సర్దుకోవాలని.

"గారెట్‌తోనా వెళ్ళేది?"

"గారెట్ వెనకాల. వాడి క్యాంపర్ ముందు, నా బండి వెనక."

"రాత్రి ఆగినప్పుడు?"

"ఆగినప్పుడు పక్కపక్కన." గొట్టం మడత సరిచేస్తూ నా వైపు చూసింది. "నీకేంటి రూడీ?"

వస్తువు ఏదైనా సరే, ధర అడిగితే తడుముకోకుండా చెప్పే మనిషిని. ఇక్కడ ఏ ధర చెప్పినా చెల్లదని అర్థమైంది. చెయ్యి మొద్దుబారిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అసూయ."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎప్పట్నించి?"

"తెల్ల వ్యాను నీ వాకిట్లోకి వచ్చిన దగ్గర్నుంచి."

"అంటే అంతకుముందు ఏమీ లేదన్నమాట."

ఉంది అన్నాను. అప్పుడు పోటీ లేదు కాబట్టి తొందర లేకపోయిందన్నాను. నోట్లోంచి వచ్చేసింది, వెనక్కి తీసుకోలేకపోయాను.

"నేనేం సరుకునా రూడీ, ఇంకోడు బేరానికొస్తే గానీ విలువ తెలీకపోవడానికి?" గొట్టం నా మంచి చేతికిచ్చి, నురగ కళ్ళలో పడకుండా తుడుచుకుంది. "బిల్లు వెయ్యకుండా పోయావు మొదటేడు. ఏదో చెప్పబోతున్నావనుకున్నా. రెండో ఏడూ అనుకున్నా. ఆ తర్వాత, వీడికి నా రొట్టె ఇష్టంలే అనుకుని ఊరుకున్నా. వంటింట్లో కూచుని ట్యాంకు చల్లారిందా అని అడిగేవాడివి. చల్లారిందంటే లేచిపోయేవాడివి."

గొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఇంట్లోకి పోయి తల కడుక్కుని, పొడిబట్టలేసుకుని, గుడ్డపీలిక తెచ్చింది. చేతికి చుడుతుండగా ఆవిడ కారు వాకిట్లోకి వచ్చి ఆగింది. ముందు కొత్త కొక్కెం మెరుస్తోంది. గారెట్ దిగాడు.

తెరిచి ఉన్న రేకు తలుపు, కంకర మీద తెల్ల రవ్వ, నా చేతికి కట్టు, పక్కన ఎర్ర తాడు. ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, నేను కట్టిన కథంతా ఒక్క చూపులో చదివేసుకున్నాడు. నన్ను ఎగతాళి చేసి ఉంటే హాయిగా ఉండేది. చెయ్యలేదు.

"కంగాస్ గారూ, బాగా కాలిందా? ఆస్పత్రికి తీసుకెళ్ళనా?" అన్నాడు, మర్యాదగా.

వద్దన్నాను. ఆ మర్యాద నన్ను వేడినీళ్ళకన్నా ఎక్కువ కాల్చింది.

ప్లగ్గు తిరిగి పెట్టాలి, లేకపోతే ఆవిడకి ఆ పూట వేడినీళ్ళు లేవు. కుడిచెయ్యి పనికిరాదు. గారెట్ మోకాళ్ళ మీద కూచుని, కంకరలోంచి ప్లగ్గు తీశాడు. దానికి అతికి ఉండే పొడుగాటి కడ్డీ, ట్యాంకు రేకుని తినాల్సిన తుప్పు ముందు తనని తినేలా పెట్టేది, అరిగి అరిగి లోపలి తీగ బయటపడింది. మా ఊరి నీళ్ళు అలాంటివి.

"ఇది మార్చాలి, నేను చూడలేదు" అన్నాడు గారెట్.

ఆ ఒక్క ముక్క కోసం నేను అతన్ని కౌగలించుకునేవాణ్ణి. నా ట్రక్కులో కొత్తది ఉంది, తెప్పించాను. ఎడంచేత్తో మరకి తెల్ల టేపు చుట్టడం చూపించబోయి, రెండుసార్లు జారవిడిచాను. గారెట్ చుట్టాడు. చుట్టి పానా వేసి బిగించబోతుంటే, అంత గట్టిగా వద్దు మర పోతుంది అన్నాను. అంత వదులుగా ఉంటే కారుతుంది కంగాస్ గారూ అన్నాడు. వద్దన్నాను. కారుతుందన్నాడు.

"లేవండి ఇద్దరూ" అంది హెల్వి.

గారెట్ చేతిలోంచి పానా లాక్కుంది. ప్లగ్గు బయటికి తీసి, ముందు వేళ్ళతోనే, జామ్ సీసాకి మూత పెట్టినట్టు నెమ్మదిగా తిప్పింది. మర సరిగా పట్టిందని తెలిశాక పానా వేసి కొంచెం, అంతే. నీళ్ళు పట్టి చూసింది. ఒక్క చుక్క కారలేదు. అరిజోనా దాకా ప్రతి గడ్డకట్టే రాత్రీ మీలో ఒకణ్ణి లేపాలా ఏంటి అంది.

నేను ఆవిడకి చెప్పవలసిందంతా చెప్పాను. దారిలో మిస్సోరీ రాష్ట్రం దాటేదాకా రాత్రిళ్ళు హీటరు ఆర్పొద్దని, గ్యాసు అయిపోతే వెంటనే ట్యాంకు వదిలెయ్యమని, వదిలేముందు చల్లారనివ్వమని. ఆ ఆఖరి మాట దగ్గర ఇద్దరూ నా కట్టు వైపు చూశారు. మర్యాదస్తులు కాబట్టి ఇద్దరూ ఏమీ అనలేదు. నేను వెళ్ళేటప్పుడు హెల్వి ఆ ఎర్ర తాడు తీసి కోటు జేబులో వేసుకుంది. దానికి విలువ కట్టడం నాకు ఈనాటికీ చేతకాలేదు.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర చూశాను. గారెట్ బండి ముందు, ఆవిడ బండి వెనక, దాని వెనక కారు. స్టీరింగు ముందు అద్దానికి ఎర్ర తాడు ఊగుతోంది. చెయ్యెత్తింది. కట్టు ఉన్న చెయ్యే ఎత్తాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు కొట్టులో గిరాకీ విరగబడింది. అందరి బళ్ళూ షెడ్డులోకి చేరాయి. హెల్వి చెప్పిన మాట ఒకటి ఉంది, బంకు దగ్గర అద్దం దించి చెప్పింది. అరిజోనా క్యాంపు మైదానంలో గారెట్ బండి నిలిపే చోటు తన పక్కనేనట. థ్యాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక, అంటే నవంబరు ఆఖర్న, అతను టెక్సాస్‌లో కూతురి దగ్గరికి పోతాడట. ఆ తర్వాత ఆ చోటు ఖాళీ అంది. అని, అద్దం ఎత్తేసింది.

ఆ మాటని పట్టుకుని లెక్క వేశాను. నవంబరులో కొట్టు మూస్తే మంచు పారలు, బ్యాటరీలు, టైరు గొలుసులు అన్నీ ఎదురు కొట్టువాడికి పోతాయి. నష్టం. మోకాళ్ళు ఎడారిలో కాస్త బాగుపడొచ్చు. లాభం, కానీ రుజువు లేదు. ఆవిడ రమ్మందా? అనలేదు, ఖాళీ అంది. ఎటునుంచి కూడినా కొట్టు తెరిచి ఉంచమనే వచ్చింది. మళ్ళీ కూడాను. అదే వచ్చింది. ఆ కాగితం స్టవ్‌లో వేశాను.

నా క్యాంపర్ ఊళ్ళో అందరికన్నా ముందు చలికాలానికి సిద్ధమయ్యే బండి. ప్రచారం కోసం సెప్టెంబరులోనే చేసి కొట్టు ముందు నిలబెడతాను. నవంబరు మొదట్లో, మొదటి మంచు పడ్డాక, షెడ్డు ముందుకి తీసి టైర్లు చూసుకుంటున్నాను. ఓర్విల్ కాఫీ కప్పుతో వచ్చాడు.

"ఒరేయ్, జనం బళ్ళు లోపల పెడుతుంటే నువ్వు బయటికి తీస్తున్నావేంట్రా? చేతితోపాటు బుర్ర కూడా కాలిందా?"

తాళాలు వాడి చేతిలో పెట్టాను. స్టవ్ పక్క కుర్చీ ఎలాగూ నీదే, ఇక కొట్టు కూడా చూసుకో అన్నాను. వాడు తాళాల వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"థ్యాంక్స్‌గివింగ్ అయ్యాక కదరా ఖాళీ అయ్యేది, ఊరందరికీ తెలుసు. ఇప్పట్నించే ఎక్కడికి?"

తెలుసన్నాను. కానీ ఎదుటివాడు సరుకు ఖాళీ చేసి వెళ్ళేదాకా కాచుకుని కూచునే ఓపిక నాకు అయిపోయింది. ఆ మైదానానికి ఫోను చేసి కనుక్కున్నాను. ఆవిడ బండికి ఒక పక్క గారెట్ ఉన్నాడు నిజమే. రెండో పక్క ఒక చోటుంది, చెత్తడబ్బాల దగ్గరని ఎవరూ తీసుకోవట్లేదట. చలికాలం మొత్తానికి నా పేరున రాయించేశాను.

నా బండి ప్లగ్గు ఎర్ర తాడుతో స్టీరింగుకి వేలాడుతోంది. దాన్ని విప్పి పక్క సీటు మీద పెట్టుకున్నాను. నీళ్ళు గడ్డకట్టని చోటు ఎక్కడ వస్తే అక్కడ ఆగి బిగించాలి. ముందు వేళ్ళతో, జామ్ సీసా మూతలా.